ఒడిశా సరిహద్దులో ఉండి టీనేజ్ పిల్లలకు ఫాంటసీ నవలలు రాయడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాది గుణుపురం, వయసు 23. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, డిగ్రీలో ఇంగ్లీషు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల సగం రాశాను. నెడి ఒకొరాఫోర్ లాంటి అవార్డు రచయితల గురించి చదివినప్పుడల్లా నేనూ అలా కావాలనిపిస్తుంది. అమ్మ బ్యాంకు పరీక్షలు రాయమంటోంది. ఏ భాషలో రాయాలి? ఇది కెరీర్ అవుతుందా? కలం పేరు పెట్టుకోవాలా?"

ముందు జవాబు చెప్పేస్తానమ్మా, కారణాలు తర్వాత. తెలుగులో రాయండి. ఆ సగం నవల ఈ ఏడాదే పూర్తి చేయండి. బ్యాంకు పరీక్షలూ రాయండి. కెరీర్ అవుతుందా అంటే అవుతుంది. పాఠకులు వస్తారు, పేరు వస్తుంది, ఒక పుస్తకం తర్వాత ఇంకో పుస్తకం నడుస్తుంది. ఇంటి అద్దె, గ్యాసు బండ మాత్రం మొదటి పదేళ్లూ దీని మీద పెట్టుకోవద్దు. మీ అమ్మగారి మాటకూ మీ కోరికకూ పొసగదని మీరు అనుకుంటున్నట్టున్నారు. మా ఇంట్లో ఆ రెండూ ముప్ఫై ఏళ్లు కలిసి కాపురం చేశాయి.

నాది పర్లాకిమిడి. ఒడియా మీడియం హైస్కూల్లో లెక్కలు చెప్పి ఈ మధ్యే రిటైరయ్యాను. రాత్రి భోజనాలయ్యాక తెలుగులో పిల్లల నవలలు రాసేవాణ్ని. ఏడు అచ్చయ్యాయి. ఒకదానికి బహుమతి వచ్చింది. అచ్చుకు పంపినా తిరిగొచ్చినవి రెండున్నాయి. కింద చెప్పేదంతా ఆ తొమ్మిదింటి అనుభవమే.

మీరు ఒకొరాఫోర్ పేరు ఎత్తారు కాబట్టి ఆవిడ సంగతితోనే మొదలుపెడతాను. అవార్డుల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. ఆ జాబితా పక్కన సంవత్సరాలు రాసుకుని చూడండి, అప్పుడు అసలు విషయం తెలుస్తుంది. ఆవిడ 1974లో అమెరికాలో పుట్టారు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి చదువుకోడానికి వెళ్లిన ఇగ్బో వాళ్లు. ఆవిడ టెన్నిస్ బాగా ఆడేవారు. వెన్ను వంకర సరిచేయడానికి పంతొమ్మిదేళ్లప్పుడు ఆపరేషన్ జరిగితే నడుము కింద చచ్చుబడిపోయింది. ఆ ఆసుపత్రి మంచం మీదే కథలు రాయడం మొదలైంది. మళ్లీ నడవగలిగారు గానీ ఆటకు తిరిగి వెళ్లలేదు. మొదటి నవల 2005లో వచ్చింది. అంటే మంచం మీద రాసిన మొదటి ముక్కకూ అచ్చయిన మొదటి నవలకూ మధ్య పన్నెండేళ్లు. ఆ నవలకు 2008లో వోలే సోయింకా పేరిట ఇచ్చే ఆఫ్రికా సాహిత్య బహుమతి వచ్చింది. 2011లో టీనేజ్ పిల్లల ఫాంటసీ నవల 'అకాటా విచ్' వచ్చింది, దాని రెండో భాగం 'అకాటా వారియర్' 2017లో వచ్చింది. మధ్యలో పెద్దవాళ్ల కోసం రాసిన వాటికి వరల్డ్ ఫాంటసీ, నెబ్యులా, హ్యూగో అవార్డులు. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చేవాటిలో ఇవే పెద్దవి. 2018లో 'అకాటా వారియర్'కు టీనేజ్ పుస్తకాల అవార్డు. హ్యూగోలు ఇచ్చే సభలోనే, ఆ సభ్యులే ఓటు వేసి ఇస్తారు. ఇప్పుడు లోడ్‌స్టార్ అంటున్నది అదే, మొదటిసారి ఇచ్చింది ఆ ఏడాదే.

ఇంకొక సంగతి. ఈ కాలమంతటిలో చాలా ఏళ్లు ఆవిడ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఇంగ్లీషులో, అమెరికాలో, అంత పెద్ద మార్కెట్లో రాసే మనిషి కూడా ఉద్యోగం చేసుకుంటూ రాశారు. మీ అమ్మగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

వయసు గురించి టెన్షన్ పడకండి. అమెరికా ఫాంటసీ రచయిత్రి అర్సులా లె గ్విన్ 1929లో పుట్టారు. కాస్త పెద్ద పిల్లల కోసం ఏదైనా రాసివ్వమని ఒక చిన్న ప్రచురణ సంస్థ అడిగితే ఆవిడ రాసిన ఎర్త్‌సీ మొదటి నవల 1968లో వచ్చింది. అప్పటికి నలభైకి దగ్గర పడ్డారు. మీకు 23.

ఇక అసలు సంగతి. ఆ అకాటా నవలలో నన్ను కుదిపింది మంత్రాలు కాదు. అందులో అమ్మాయి సన్నీ అమెరికాలో పుట్టి నైజీరియాకు వచ్చిన పిల్ల. 'అకాటా' అంటే బయట పుట్టి పెరిగిన నల్లవాళ్లను అక్కడివాళ్లు చులకనగా పిలిచే మాట. ఆ మాటను తీసుకెళ్లి పుస్తకం అట్ట మీద పెట్టారు. అది చదివినప్పుడు నాకు నా బడి రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ క్లాసులో మనం 'తెలెంగా'. సెలవులకు టెక్కలి చుట్టాలింటికి వెళ్తే 'ఒరిస్సా వాళ్లొచ్చారు' అంటారు. మీకూ ఇది జరిగే ఉంటుంది. ఆ రెండు మాటల మధ్య ఉన్న చోటే మీ నవల. మీ దగ్గర ఉన్నది వేరే ఊరివాళ్ల దగ్గర లేదు.

ఇంకా ఉంది. ఆ నవలలోని ఇంద్రజాలంలో న్సిబిడి అనే గుర్తుల లిపికి పెద్ద చోటుంది. అది ఆవిడ కల్పించింది కాదు, ఆగ్నేయ నైజీరియాలో నిజంగా ఉన్న పాత లిపి. ఇప్పుడు మీ ఊరి చుట్టూ చూడండి. 1936లో మీ గుణుపురం ప్రాంతంలోనే మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. దాన్ని దైవంగా కొలిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2012లో అది యూనికోడ్‌లోకీ, అంటే కంప్యూటర్లు, ఫోన్లు గుర్తుపట్టే అక్షరాల పట్టికలోకీ వచ్చింది. అదే 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి ఇటు వచ్చింది. మా ఊళ్లో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ రోజుల్లోనే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఒక భాష కోసం జీవితం పెట్టిన మనిషి ఊరు విడిచిన ఏడాదే ఆ భాషకు సొంత లిపి పుట్టింది. దీన్ని మించిన కథావస్తువు ఎక్కడ వెతుకుతాం!

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త, నా తప్పుతోనే చెబుతాను. నా మూడో నవలలో సవర ఇంటి గోడల మీద వేసే ఇడిటాల్ బొమ్మలు వాడుకున్నాను. ఆ బొమ్మలోని మనుషులు రాత్రిపూట గోడ దిగి వచ్చేవాళ్లు. దిగొచ్చి పిల్లల్ని భయపెట్టేవాళ్లు. రాతప్రతి చదివిన నా పాత విద్యార్థి ఒకరు, సవర కుర్రాడే, రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "మాస్టారూ, అవి మా పెద్దల కోసం వేసేవి. వాళ్లు మమ్మల్ని కాపాడడానికి వస్తారు. మీరు వాళ్లను దయ్యాలు చేశారు" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. తొంభై పేజీలు మళ్లీ రాశాను. వాళ్ల ఊరికి వెళ్లి ముసలివాళ్లను అడిగాను. ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో వాళ్లే చెప్పారు. ఆ నవలకే బహుమతి వచ్చింది. ఒకొరాఫోర్ న్సిబిడి వాడుకున్నారంటే అది వాళ్ల పెద్దల నేల మీద పుట్టిన లిపి. సవర లిపి మీదీ కాదు, నాదీ కాదు, పక్కింటివాళ్లది. అడిగి తీసుకోవాలి. అడిగినందుకు మీ కథ పెరుగుతుందే గానీ తరగదు.

సొంతది కావాలంటే మన దగ్గరా తక్కువేం లేదు. బరంపురం ఠాకురాణి యాత్రకు ఎప్పుడైనా వెళ్లారా? రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివారు తెలుగు నేతపనివాళ్లు. ఊరంతా పులి వేషాలు. కోరాపుట్ వైపు కొటియా ఊళ్లున్నాయి, రెండు రాష్ట్రాలూ మావేనంటాయి, అక్కడి జనం దగ్గర రెండు వైపుల కార్డులూ ఉంటాయి. ఒక ఊరు ఒకేసారి రెండు చోట్ల ఉండడమంటే ఫాంటసీ కాక ఇంకేమిటి?

ఏ భాషలో రాయాలి

తెలుగులో అని ఊరికే అనలేదు. ఒక పని చేసి చూడండి. మీ నవలలో ఎక్కడైనా తల్లీకూతుళ్లు గొడవపడే సీను ఉంటే దాన్ని మూడు భాషల్లోనూ రాయండి. వారం తర్వాత మూడూ పైకి చదవండి. ఎందులో మీకు గొంతు పూడుకుపోతుందో అదే మీ భాష. నేను ఈ పని చేయమన్నవాళ్లలో ఒకమ్మాయికి అది ఇంగ్లీషు అయింది, ఆవిడ ఇంగ్లీషులోనే రాస్తోంది, బాగా రాస్తోంది. మీకూ అలా తేలితే నా మాట పక్కన పెట్టండి. మీ ప్రశ్న రాసిన తెలుగు చూస్తే మాత్రం అలా తేలుతుందని నాకు అనిపించడం లేదు.

ఒక చేదు నిజం ఉంది. మన వైపు తెలుగు పిల్లలు తెలుగు మాట్లాడతారు, చాలామందికి చదవడం రాదు. బడిలో నేర్చుకున్నది ఒడియా అక్షరాలు. అచ్చయిన నా మొదటి పుస్తకం చేతికొచ్చినప్పుడు మా వీధిలో పిల్లలకు తలా ఒకటి ఇచ్చాను. వాళ్లు బొమ్మలు చూసి, "మీరే చదివి చెప్పండి మాస్టారూ" అన్నారు. అప్పటినుంచి రెండు పనులు పెట్టుకున్నాను. ప్రతి అధ్యాయం నా గొంతుతో ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపిస్తాను. రెండోది, తెలుగు నవల పూర్తయ్యాక దాన్ని నేనే ఒడియాలో తిరిగి రాస్తాను. అనువాదంలా చేయను, అదే కథ మళ్లీ మొదటినుంచి చెబుతాను. నా రైలు నవల (దాని సంగతి కింద చెబుతాను) ఒడియాలో వచ్చినప్పుడు ఇక్కడి బడుల్లో తెలుగుదాని కన్నా ఎక్కువ అమ్ముడైంది. తెలుగు పుస్తకం పాతపట్నం, పలాస, శ్రీకాకుళం వైపు వెళ్లింది. మా ఊరి మహేంద్రతనయ నదికి ఇటొక పుస్తకం, అటొక పుస్తకం. హైదరాబాదు రచయితకు ఈ వీలు లేదు.

రెండు భాషల పిల్లలనూ ఒకే కథ పట్టుకోగలదని అనుమానం అక్కర్లేదు. మన ముందు తరం 'చందమామ' చదివితే, పక్కింటి ఒడియా పిల్లలు అవే కథలు 'జహ్నమాము'లో చదివారు. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్లు 1950ల నుంచి 70ల చివరి దాకా ఎన్ని భాషల పిల్లల్ని నెలనెలా ఎదురుచూసేలా చేశాయో! ఆయన పేరు చాలామంది పాఠకులకు చాలా ఏళ్లు తెలియనే తెలియదు. ఒడియాలో సైన్స్ ఫిక్షన్‌కు గోకులానంద మహాపాత్రగారు పెద్దదిక్కు, ఆయన కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ప్రొఫెసరు. మళ్లీ అదే, ఉద్యోగం చేస్తూ రాసిన మనిషి.

మన ఇళ్లలో మాట్లాడే తెలుగునే రాయండి, ఎడిటర్ మార్చమంటే కారణం చెప్పి పట్టుబట్టండి. నా నవలలో ఒక పిల్ల పక్కింటి ఒడియా అమ్మాయిని "నానీ" అని పిలుస్తుంది. మన గంజాం వైపు ఒడియాలో నానీ అంటే అక్క. ఆంధ్ర వైపు ఎడిటర్‌కు నానీ అంటే చిన్న పిల్లవాడి ముద్దుపేరు. ఆవిడ సదుద్దేశంతోనే "నానీ వచ్చింది" అన్నచోటల్లా "నానీ వచ్చాడు" అని దిద్దేసింది. ప్రూఫులో నేను చూడకపోతే అక్క తమ్ముడైపోయేది. అప్పటినుంచి రాతప్రతితోపాటు ఒక పేజీ మాటల పట్టిక పంపుతున్నాను. మీరూ అలా చేయండి.

రాయడం గురించి

మీరు అడగలేదు గానీ, అవార్డు, కెరీర్ అన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి చెప్పకుండా ఉండలేను.

నా మొట్టమొదటి నవల అచ్చు కాలేదు, తిరిగొచ్చిన రెండింటిలో మొదటిది అదే. అందులో కోట, మంచు, గుర్రాలు, పొడవాటి గడ్డాల మాంత్రికులు ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తున్నాను. కథలో ఊరివాళ్లు జీడిమామిడి తోటలు వేసినట్టు ఎక్కడో రాశాను. ఒక కుర్రాడు చెయ్యెత్తి, "మంచు పడే ఊళ్లో జీడిపిక్కలు ఎలా కాస్తాయి మాస్టారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మంచు నేనెప్పుడూ చూడలేదు. జీడితోట మాత్రం మా మావయ్యది, దాని వాసన కూడా తెలుసు. ఆ రాత్రే ఆ నవల పక్కన పెట్టేశాను.

తర్వాత రాసిందే రైలు నవల. మీకు తెలిసే ఉంటుంది, నౌపడా నుంచి మా ఊరికి 1900లో వేసిన చిన్న రైలు 1931లో మీ గుణుపురం దాకా వచ్చింది. 2004లో ఆపేసి, పెద్ద పట్టాలు వేసి 2011 నాటికి మీ ఊరి దాకా మళ్లీ నడిపారు. ఆ మధ్య ఆరేడేళ్లు పట్టాల దారి ఖాళీ. ఆ ఖాళీలో రాత్రిపూట ఒక రైలు నడుస్తుందని రాశాను. దానికి టికెట్ డబ్బుతో కాదు. ఎక్కాలంటే మీ అమ్మ భాషలోని ఒక మాట ఇచ్చేయాలి. ఇచ్చేశాక ఆ మాట మళ్లీ మీ నోట రాదు, ఎవరన్నా అంటే అర్థం కాదు. పద్నాలుగేళ్ల పిల్ల తప్పిపోయిన తమ్ముడి కోసం ఆ రైలెక్కుతుంది.

మొదటి అధ్యాయం చదివాక క్లాసులో వారం రోజులు అదే గోల. ఏ మాట ఇస్తే నష్టం తక్కువ? ఒకమ్మాయి "నేను 'పరీక్ష' ఇచ్చేస్తాను" అంది. ఇంకొకమ్మాయి లేచి, "అయితే నీకు పరీక్ష ఎప్పుడో నీకు తెలియదు, ఫెయిలవుతావు" అంది. వెనక బెంచీ కుర్రాడు "రోజూ అక్కర్లేని మాట ఇద్దాం, 'ఏనుగు'" అన్నాడు. "ఏనుగు ఎదురైతే ఏమని అరుస్తావు?" అని మిగతావాళ్లు. మా వైపు అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి కదా. ఆ మూడు ప్రశ్నలూ నవలలో మూడు అధ్యాయాలయ్యాయి.

దీన్నిబట్టి నేను తెలుసుకున్నది ఏమిటంటే, టీనేజ్ పిల్లలు అద్భుతాన్ని ఇట్టే నమ్ముతారు, నియమం తప్పితే మాత్రం క్షమించరు. మీ లోకంలో శక్తి ఉంటే దానికి ధర ఉండాలి, ఆ ధర అందరికీ ఒకటే ఉండాలి, హీరోయిన్‌కు రాయితీ ఇవ్వకూడదు. ఇంకోటి, ముడి విప్పేది ఆ పిల్లే కావాలి. చివర్లో తాతగారో, స్వామీజీయో, కలెక్టరుగారో వచ్చి చక్కబెడితే అది చిన్నపిల్లల కథ అవుతుంది. పదిహేనేళ్లవాళ్లు అప్పటికే పెద్దవాళ్ల మీద కొంత నమ్మకం పోగొట్టుకుని ఉంటారు. వాళ్ల తప్పు వాళ్లనే చేయనివ్వండి, దాని ఫలితం వాళ్లనే మోయనివ్వండి.

రాసింది పిల్లల ముందు పైకి చదవండి. బాగుందా అని అడగొద్దు, పెద్దవాళ్లు అడిగితే బాగుందనే అంటారు. ఏ పేరా దగ్గర కిటికీలోంచి బయటికి చూస్తున్నారో గుర్తు పెట్టుకోండి. నేను పెన్సిల్‌తో అక్కడ గీత గీసేవాణ్ని. ఇంటికొచ్చి గీత ఉన్నవన్నీ కొట్టేసేవాణ్ని. ఒక్కో నవలకు ముప్ఫై నలభై పేజీలు ఇలా పోయేవి.

డబ్బు, బహుమతులు, హక్కులు

డబ్బు గురించి తొందరగా చెప్పేస్తాను. నా పుస్తకాలన్నీ ఒక్కో ముద్రణ 500 కాపీలే. ధర 150 రూపాయలనుకోండి, రాయల్టీ పది శాతం. మొత్తం అమ్ముడైతే రచయితకు 7,500. అవి అమ్ముడవ్వడానికి రెండు మూడేళ్లు. ఏడు పుస్తకాల మీద ఇన్నేళ్లలో నా చేతికి వచ్చింది, బహుమతితో కలిపి, లక్షన్నర లోపే. దానికన్నా ఒడియా నుంచి తెలుగులోకి చేసిన అనువాదాల మీద ఎక్కువ వచ్చింది. మీకు మూడు భాషలు వచ్చు కాబట్టి ఈ దారి ఇప్పుడే తెరిచి పెట్టుకోండి.

తెలుగులో టీనేజ్ నవలలకు విడిగా అలమర లేదు. పుస్తకాల షాపులో అయితే బాలసాహిత్యం, లేకపోతే పెద్దల నవలలు. ప్రచురణకర్తకు రాసేటప్పుడు ఎన్నేళ్ల పిల్లల కోసమో మొదటి వాక్యంలోనే చెప్పండి. పిల్లల నవలల పోటీలు కూడా చూస్తూ ఉండండి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా కలిసి అలాంటివి నడిపాయి. పోటీకి పంపడం వల్ల ఒక మేలుంది, గడువు తేదీ మన చేత పని పూర్తి చేయిస్తుంది.

బహుమతుల విషయంలో మన సరిహద్దు వాళ్లకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సాహిత్య అకాడమీ చూసేది భాషను, రాష్ట్రాన్ని కాదు. 24 భాషలకు విడివిడిగా ఇస్తారు. బాలసాహిత్య పురస్కారం 2010 నుంచి, 35 ఏళ్ల లోపువారికి యువ పురస్కారం 2011 నుంచి ఉన్నాయి, ఒక్కోటి 50,000 రూపాయలు. గుణుపురంలో కూర్చుని తెలుగులో రాసినా తెలుగు జాబితాలోనే ఉంటారు. రాష్ట్రాల స్థాయి బహుమతులకు పంపేముందు మాత్రం నివాసం గురించి నిబంధన ఉందేమో చదువుకోండి. నా పుస్తకం ఒకసారి అలాగే వెనక్కి వచ్చింది.

బహుమతి వస్తే ఏం మారుతుంది? నాకు మారింది ఇది: రెండో ముద్రణ వేశారు, కొన్ని బడుల లైబ్రరీలు కొన్నాయి, తర్వాతి రాతప్రతి పంపితే ఆరు నెలలకు బదులు ఇరవై రోజుల్లో జవాబు వచ్చింది. రాసే కష్టం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. బహుమతి వచ్చిన మరుసటి నవలే ఆ తిరిగొచ్చిన రెండింటిలో రెండోది. ఆ ఏడాది నేను పిల్లల ముఖాలు చూసి రాయలేదు, న్యాయనిర్ణేతలకు ఏం నచ్చుతుందా అని రాశాను. క్లాసులో చదివితే మొదటి పేజీలోనే కిటికీ వైపు చూశారు.

హక్కుల గురించి మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. 2009లో ఒక ప్రచురణకర్త నా నవలకు ఒకేసారి 5,000 ఇచ్చి, "సర్వహక్కులూ మావి" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పుస్తకం వస్తోందన్న సంతోషంలో పెట్టేశాను. 2016లో ఆడియో పుస్తకం చేస్తామని వేరేవాళ్లు అడిగితే, ఆ ప్రచురణకర్త కుదరదన్నారు. తెలిసిన లాయరుగారికి ఆ కాగితం చూపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో ఎన్నేళ్లకని రాశారు?" ఎక్కడా రాయలేదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. అంటే 2014తోనే ఆ హక్కులు నాకు తిరిగి వచ్చేశాయి, నాకే తెలియలేదు! ఆయన రాసిన ఒక్క ఉత్తరంతో ఆ సంగతి తేలిపోయింది. కాగితంలో "శాశ్వతంగా" అని ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. అందుకే కాలం, భాష, అచ్చా ఆడియోనా సినిమానా అన్నది విడివిడిగా రాయించుకోండి. ఒడియా హక్కు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి, అది మీరే రాసుకోవాల్సిన పుస్తకం.

సొంతంగా వేసుకోవాలనుకుంటే, పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బిఎన్ నంబరు కోసం ఎవరికీ డబ్బు కట్టొద్దు. కేంద్ర ప్రభుత్వపు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

చివరగా కలం పేరు అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ ఒక్కటే పెట్టుకోండి, మూడు భాషల్లోనూ ఒకేలా పలికేది. మన బడి సర్టిఫికెట్లలో తెలుగు పేర్లు ఒడియా ఉచ్చారణతో ఇంగ్లీషులో ఎక్కుతాయి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. నా బహుమతి చెక్కు కలం పేరుతో వచ్చింది. పాన్ కార్డులో ఒక స్పెల్లింగు, బ్యాంకు ఖాతాలో ఇంకొకటి. ఆ డబ్బు ఖాతాలో పడడానికి నాలుగు నెలలు తిరిగాను. ప్రచురణకర్తతో చేసుకునే ఒప్పందంలో "కలం పేరు ఇది, అసలు పేరు ఇది" అని రెండూ రాయించండి, అసలు పేరు పాన్‌లో ఎలా ఉందో అచ్చంగా అలాగే. బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఎలాగూ ఆ కాగితాలన్నీ తీస్తారు కదా, అప్పుడే స్పెల్లింగులు సరిచూసుకోండి. ఆ సగం నవలలో మొదటి మూడు అధ్యాయాలు ఇక్కడ పెడితే చదివి పెన్సిల్ గీతలు గీసి పంపుతాను.